ఎండ చూడని చిప్

ఈమధ్య పేపర్లలో చిప్‌ల గురించి పెద్ద పెద్ద పటాలు వేస్తున్నారు. ఏ దేశం గీస్తుంది, ఏ దేశం చెక్కుతుంది, ఏ దేశం మూత పెడుతుంది, ఎవరు ఎవరికి ఇవ్వనంటున్నారు, అన్నీ బాణం గుర్తులతో. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అవి పట్టుకొచ్చి "సార్, దీనిమీద మీ అభిప్రాయం?" అని అడుగుతుంటారు. రిటైరైనవాడి దగ్గర అభిప్రాయాలు తప్ప ఇంకేం మిగలవని వాళ్ల నమ్మకం. నాకు అభిప్రాయం లేదు, అనుభవం ఒకటుంది. ఆ పటాల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎక్కడా కనబడవు. పటం గీసినవాళ్లు కాస్త తొందరపడ్డారని నా అనుమానం.

నేను పనిచేసింది ఒక చిన్న పవర్‌హౌస్‌లో. అది ఇప్పుడు లేదు కాబట్టి పేరు చెప్పి దాన్ని బాధపెట్టను. అందులో నేను కంట్రోల్ విభాగం ఇంజనీరుని. అవి ఫ్యాక్షన్ రోజులు. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎదురొచ్చే జీపు ఏ పార్టీదో తెలిసి ఉండటం ఇంజనీరింగ్ డిగ్రీ కన్నా ఎక్కువ పనికొచ్చేది. ఫలానా ఊరి జీపు ఫలానా ఊళ్లో ఆగదు, ఈ ఊరివాళ్లు ఆ ఊరి మిల్లులో వడ్లు ఆడించరు. ఎగుమతుల మీద ఆంక్షలంటే ఏమిటో మాకు ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక కొంచెం సాంకేతిక విషయం, కొంచమే. మా టర్బైన్ ఎంత వేగంతో తిరగాలో చూసుకునే పరికరాన్ని గవర్నర్ అంటారు. దాని బుర్రంతా అరచేతంత కార్డులో, ఆ కార్డు బుర్రంతా అంగుళమున్నర మెమరీ చిప్‌లో ఉండేది. తెల్లని పింగాణీ ఒళ్లు, అటు పన్నెండు ఇటు పన్నెండు బంగారుపూత కాళ్లు, నడుమ చిన్న గాజు కిటికీ. ఆ కిటికీలోంచి ఎండ పడితే చిప్ తనకు నేర్పిందంతా మర్చిపోతుంది. పాతది చెరిపి కొత్తది రాయడానికి కంపెనీవాళ్లే పెట్టుకున్న ఏర్పాటు అది. అందుకే కిటికీ మీద నల్లటి స్టిక్కర్ అంటించి పంపుతారు.

ఇవన్నీ నాకు కాలేజీలో చెప్పారు. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది, స్టోర్సులో రెండు స్పేర్ కార్డులుండేవి. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఆడిట్‌వాళ్లు వచ్చి "కదలిక లేని సరుకు" అని రాస్తే, చక్కని అక్షరాలతో సంతకం పెట్టి తుక్కు వేలంలో కలిపేశాను. చిప్‌లోని ప్రోగ్రామ్‌ను కాపీ తీసే యంత్రం మా దగ్గర ఉండేది. కొన్న నాటి నుంచి బీరువాలో, అట్టపెట్టెలో, ఏ ప్రమాదమూ జరగకుండా భద్రంగా ఉంది.

రెండోది ఆయుధ పూజ. పరిశ్రమల్లో పనిచేసినవాళ్లకు తెలుసు, ఆరోజు ప్రతి యంత్రమూ పెళ్లికూతురే. ప్యానెళ్లు తుడిచి, కార్డులు బయటికి తీసి దుమ్ము దులిపి, పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ ఏడాది గవర్నర్ కార్డు సంగతి నేనే చూశాను. చిప్ మీద స్టిక్కర్ జిడ్డుపట్టి, ఒక మూల లేచి, దేవుడి ముందు పెట్టడానికి నామోషీగా ఉంది. బొటనవేలి గోటితో గీకి తీసేసి, స్పిరిట్‌తో తుడిచాను. కిటికీ తళతళలాడింది. బొట్టు ఆ కిటికీ మీదే పెట్టి ఉంటే ఈ కథ లేదు. గాజు మాసిపోతుందని పక్కన పెట్టాను.

చలికాలం పోతూనే ప్యానెల్ రూములో ఏసీ చెడింది. వేడికి కార్డులు పాడవుతాయని పడమటి కిటికీ తెరిచి, ప్యానెల్ తలుపులు తీసి, ఫ్యాను పెట్టించాను. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా కడప జిల్లా ఎండ నేరుగా వచ్చి ఆ చిప్‌తో మాట్లాడి పోయేది. చైత్రంలో యూనిట్ ఆగిపోయింది. మళ్లీ తిప్పుదామంటే గవర్నర్‌కు టర్బైన్ అంటే ఏమిటో తెలియడం లేదు.

అసలు విషయం కనిపెట్టింది మా హెడ్ టెక్నీషియన్. నాకన్నా పదేళ్లు పెద్ద, ప్రొద్దుటూరు సాయెబు. నేను సర్క్యూట్ బొమ్మలు పరిచి ఆలోచిస్తుంటే, ఆయన కార్డు తీసి చూసి అడిగాడు.

"సార్, దీనిమింద నల్ల కాగితముండాల. యాడికి పాయ?"

"దసరాకు నేనే తీసినా."

ఆయన కార్డును జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. తర్వాత "పూజ బాగనే జరిగింది లే సార్" అన్నాడు.

కంపెనీకి రాశాం. దురదృష్టవశాత్తు అది మన దేశం అణుపరీక్షలు చేసిన మరుసటి ఏడాది. కార్డు తయారుచేసిన యూరప్ కంపెనీ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది: చిప్ అమెరికాది, దాన్ని మీ దేశానికి పంపాలంటే అక్కడి అనుమతి కావాలి, ప్రస్తుత పరిస్థితుల్లో రాకపోవచ్చు. అమెరికా కంపెనీ ఇంకా మర్యాదగా రాసింది: ఖాళీ చిప్ మాత్రమే మాది, లోపలి ప్రోగ్రామ్ సంగతి కార్డు కంపెనీనే అడగండి. చిప్ తిరగేసి చూస్తే వెనకాల మలేషియా అని ముద్ర ఉంది. వాళ్లకు రాయలేదు. అంగుళమున్నర బిడ్డకు ముగ్గురు తండ్రులు. ఆపదలో ఒక్కడూ ఆసుపత్రికి రాలేదు. ఖాళీ చిప్‌లు మద్రాసు బజారులో దొరికాయి. దొరకనిది అందులో ఉండాల్సిన జ్ఞాపకం; ప్రోగ్రామ్ ఒక్కటే విడిగా ఇవ్వడానికి కూడా అదే అనుమతి కావాలంది కార్డు కంపెనీ. అలాంటి గవర్నర్ మన దేశంలో ఇంకోచోట లేదు.

హెడ్డాఫీసువాళ్లు మా పవర్‌హౌస్‌ను మూసేయడానికి చాలాకాలంగా ఒక కారణం వెతుక్కుంటున్నారు. నెలలోగా యూనిట్ తిరగకపోతే మూసేసి సిబ్బందిని తలా ఒక దిక్కుకు పంపుతామని ఉత్తరం వచ్చింది. ఆ కారణాన్ని వాళ్లకు నా బొటనవేలి గోరు సరఫరా చేసింది. మా క్వార్టర్లలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే అటువైపు నడవడం మానేశాను.

మా చీఫ్ కృష్ణా జిల్లా మనిషి, మా మాటతీరుకు అప్పటికింకా అలవాటు పడలేదు. ఆయనకు తప్పంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నా. "సంతకం మాత్రం చక్కగా పెట్టావయ్యా" అని తుక్కు వేలం కాగితం నా ముందుకు జరిపాడు. "వెతుకు మరి. అమ్మింది నువ్వేగా."

మా దగ్గర వేలానికి ఒక పద్ధతుండేది. రెండు పార్టీల మనుషులూ ముందే కూర్చుని రాజీ పడి, సరుకును సరిసగం చేసుకునేవాళ్లు. పాట అనేది కాగితం కోసమే. పంపకం ఎంత న్యాయంగా ఉండేదంటే, రెండు కార్డులుంటే తలా ఒకటి. అలా ఒక కార్డు జమ్మలమడుగు కాంట్రాక్టరుకు, రెండోది పులివెందుల కాంట్రాక్టరుకు వెళ్లింది.

జమ్మలమడుగు దగ్గర కాబట్టి ముందు అక్కడికి వెళ్లాం, నేనూ సాయెబూ. కాంట్రాక్టరు మజ్జిగ ఇప్పించి, మేం చెప్పింది శ్రద్ధగా విని, గోడవారన ఒక గాజు జాడీ చూపించాడు.

"ఆ పచ్చకాళ్ల పురుగులేనా సార్? అవన్నీ యాసిడ్‌లో ఏస్తిమి. బంగారమొస్తాదన్నారు ఎవరో. ఏమీ రాలేదు, జాడీ పాడాయ."

జాడీ అడుగున బూడిదరంగు బురద ఉంది. మా ఒక స్పేర్ కార్డు తుది మజిలీ అది. సాయెబు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెమటకేనని తర్వాత అన్నాడు.

పులివెందుల కాంట్రాక్టరు ఫోన్లోనే చెప్పేశాడు: తనకేం తెలియదు, బంగారు కాళ్ల సరుకంతా ప్రొద్దుటూరులో ఒక ఆచారికి అమ్మాడు. ప్రొద్దుటూరు నా సొంతూరు. బంగారు పనివాళ్ల సందు, ఆ కుంపట్ల వాసన, చిన్నప్పటి నుంచి ఎరిగినవే. ఆచారికి అరవై దాటి ఉంటాయి. మా చచ్చిన చిప్ చేతికిస్తే, కంటికి భూతద్దం తగిలించుకుని అటూ ఇటూ తిప్పాడు.

"దీని అన్న నా దగ్గరికొచ్చినాడు సార్."

"కరగబెట్టినావా ఆచారీ?"

"లేదు."

ఎందుకు కరిగించలేదని అడిగాను.

"ఆ గాజు కింద ఎప్పుడన్నా సూసినారా సార్? వీధులు, సందులు, మిద్దెలు. మన ప్రొద్దుటూరు మాదిరే ఉండాది, ఇంగా శుభ్రంగా ఉండాది. ఇంత సన్నపు పని చేసినోడు యాడోడైనా నా యట్లోడే గదా. నేనెట్ల కరగబెడతా?"

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ కిటికీలోకి నేను ఒక్కసారీ అలా చూడలేదు. పరీక్షలో దాని గురించి మూడు పేజీలు రాసినవాణ్ణి.

"మల్ల యాడ పెట్టినావు?" అన్నాడు సాయెబు.

"పెద్దాయన దండకడియంలో పొదిగినా" అని ఆచారి ఒక ఊరి పేరు చెప్పాడు.

అది పులివెందుల దారిలో ఒక పల్లె. ఆ పెద్దాయన ఊరికీ పక్క ఊరికీ మధ్య గొడవలు అప్పటికి రెండు తరాలుగా నడుస్తున్నాయి. రక్షణ కోసం దండకడియం చేయించుకుందామని వచ్చి, ఆచారి చూపించిన రాళ్లన్నీ చూసి, ఈ రాళ్లు మా శత్రువుల చేతికీ ఉన్నాయి, ఎవరి చేతికీ లేనిది కావాలన్నాడట. ఆచారి ఈ చిప్ చూపించాడట. కాళ్లు లోపలికి వంచాడే కానీ తుంచలేదని, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

మర్నాడు ఆచారిని వెంటబెట్టుకుని వెళ్లాం. ఇంటి ముందు ఇద్దరు, లోపల ఇద్దరు మనుషులు. పట్టపగలు కిటికీలన్నీ మూసి ఉన్నాయి, చిన్న బల్బు వెలుగుతోంది. పెద్దాయనకు యాభై ఉంటాయి. పొలాలున్న మనిషి రంగు కాదు ఆయనది, బ్యాంకులో లోపలి గదిలో పనిచేసేవాళ్ల రంగు. మోచేతి పైన, ఎడమ దండకు కడియం, నడుమ మా చిప్. నల్ల స్టిక్కర్ లేదు. గాజు కిటికీ నన్నే చూస్తోంది.

"ఏమప్పా, కరెంటోళ్లంతా కట్టగట్టుకోని వస్తిరి. బిల్లు కట్టలేదా నేను?"

విషయం చెప్పాను. ఆయన కుడిచెయ్యి కడియం మీదికి వెళ్లింది.

"ఇది చెయ్యి దిగదు. కట్టుకున్నంక రెండుసార్లు సావు తప్పిచ్చుకున్నా. ఇంకేమన్నా అడుగు."

దేశం, ఆంక్షలు, విదేశీ కంపెనీలు, రైతుల బోర్లు, అన్నీ మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా ఆవులించాడు. చివరికి చేసేదేం లేక ఉన్నమాట చెప్పాను. స్పేర్లు అమ్మింది నేనే, స్టిక్కర్ పీకింది నేనే, కిటికీ తెరిచింది నేనే, ఇప్పుడు నా గోటి వల్ల మా వాళ్లందరి ఇళ్లూ ఖాళీ అవుతాయి. ఎవరి కుట్రా లేదు, తప్పంతా నాదే.

ఆయన కాస్త ముందుకు వంగాడు. "మల్లొకసారి చెప్పు."

"తప్పు నాదేనప్పా."

"ఇంటిరా?" అన్నాడు తన మనుషుల వైపు తిరిగి. "ఈ ఇంట్లో ఈ మాట అన్నోడు ఈయప్పే మొదులు. మా నాయన అనలేదు, నేననలేదు. ఆ పక్కోళ్లు సరేసరి." నా వైపు తిరిగి, "మీ యంత్రమేందో ఈడికే తెచ్చుకో. నా కండ్లముందర తియ్యాల, నా కండ్లముందర పెట్టాల. గడప దాటకూడదు" అన్నాడు.

మూడోరోజు బీరువాలోని యంత్రం జీవితంలో తొలిసారి ప్రయాణం చేసింది, కంప్యూటరుతో సహా, జీపులో, నా ఒళ్లో. తీరా వెళ్తే ఊళ్లో కరెంటు లేదు. మా యూనిట్ ఆగింది కాబట్టి ఊళ్లకు కోత. ఆ కోత లెక్కలు వేసిన కమిటీలో నేనూ ఉన్నాను. పెద్దాయన ఫోను తీసి ఎవరితోనో రెండు మాటలు అన్నాడు. మూడో మాటకు బల్బు వెలిగింది. మా లెక్కలు ఎక్కడిదాకా పనిచేస్తాయో అప్పుడు తెలిసింది.

ఆచారి చాప మీద బాసింపట్టు వేసుకుని, కడియంలోంచి చిప్‌ను విడదీశాడు. వంచిన బంగారు కాళ్లను ఒక్కొక్కటే సన్నపు పట్టకారుతో నిలబెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కటి విరిగితే అంతే. ఇరవైనాలుగు కాళ్లు. నేను లెక్కపెట్టడం పద్దెనిమిది దగ్గర మానేసి గోడకేసి చూశాను. పెద్దాయన కూడా గోడకేసే చూస్తున్నాడు, వట్టి దండను కుడిచేత్తో మూసుకుని. మా ఇద్దరి ప్రాణాలూ ఒకే మనిషి పట్టకారులో ఉన్నాయి.

"అయిపాయ" అన్నాడు ఆచారి.

యంత్రంలో పెట్టేముందు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రెండు రోజులుగా భయపడి అడగలేదు.

"అప్పా, ఇది కట్టుకోని ఎండలో తిరిగినారా?"

ఆయన నవ్వాడు. గదిలో మిగిలినవాళ్లెవరూ నవ్వలేదు.

"ఎండా? ఎండ సూసి పదునాలుగు నెల్లాయ, ఇది కట్టుకునింది ఆ తర్వాతనే. పొద్దుగూకినంక జీపు, జీపుకు పరదాలు. మిద్దెమిందికి గూడ పోనీయరు వీండ్లు. నా సేన్లో ఈతూరి ఏం పైరుందో ఇంగొకరు చెప్తే ఇనాల్సిందే."

బటన్ నొక్కాను. తెర నిండా అంకెలు జారుకుంటూ వచ్చాయి. చెరిగిపోయిన చిప్‌లో అన్నీ ఒకే అక్షరాలు వస్తాయి. ఇవి ఒకేలా లేవు. మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ అన్ని అంకెలూ కలిపిన చివరి కూడిక ఒకటే వచ్చింది. మాన్యువల్ ఆఖరి పేజీలో సరైన కూడిక ఇదీ అని కంపెనీ అచ్చువేసిన నాలుగక్షరాల పక్కన నా వేలు పెట్టాను. అవే. సాయెబు నా భుజం మీదుగా చూసి, తనూ వేలు పెట్టి చూసుకున్నాడు.

"సరిపాయనా?" అన్నాడు పెద్దాయన.

తల ఊపాను. ఖాళీ చిప్‌లలో కాపీలు తీయడం మొదలుపెట్టి, ఎండ సంగతి ఏమిటో ఆయనకు వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే, నేను ఈడ నక్కోని కూసున్నందుకు మీ కరెంటు బతికె."

"అవునప్పా. మీరు బయట తిరిగుంటే ఇది ఎప్పుడో పోయుండేది."

"దాంకున్నందుకు ఒక మంచిపని జరిగింది రా" అన్నాడు తన మనుషులతో. అది హాస్యానికే అన్నాడు. కానీ ఆ మాట అన్నాక చాలాసేపు మూసిన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

అసలు చిప్‌ను ఆచారి మళ్లీ కడియంలో పొదిగాడు. నేను జేబులోంచి కొత్త నల్ల స్టిక్కర్ తీసి కిటికీ మీద అంటించాను. ఆయన వద్దనలేదు.

ఆ మధ్యాహ్నమే యూనిట్ తిప్పాం. ఆవిరి వదిలారు. మీటరు ముల్లు వందలు దాటింది, వేలు దాటింది. మూడు వేల దగ్గరికొచ్చి, ఒక్కసారి వణికి, అక్కడే నిలబడింది, ఏమీ జరగనట్టు. పులివెందుల దారి పల్లెలో చీకటి గదిలో దాక్కున్న జ్ఞాపకం, ముప్పై టన్నుల ఇనుమును పట్టుకుని సరైన వేగంలో తిప్పుతోంది. మా చీఫ్ ముల్లును చూసి, నన్ను చూసి, "పర్లేదయ్యా" అన్నాడు. కృష్ణా జిల్లా మనిషి అంత పొదుపుగా మెచ్చుకోవడం నేను మళ్లీ వినలేదు. సాయెబు ఎక్కడినుంచో కుంకుమ తెచ్చి కార్డుకు బొట్టు పెట్టాడు.

"ఈసారి కిటికీమిందనే పెట్టినా సార్."

ఉన్నమాట చెప్పాలంటే నా ఉద్యోగంలో నేను గర్వపడేది ఆ రోజుకే. కొత్తగా ఏదో కనిపెట్టానని కాదు, నేను పాడుచేసినదాన్నే బాగుచేశాను. కానీ రెండు విదేశీ కంపెనీలు ఇవ్వనన్నదాన్ని ఒక ఆచారి పట్టకారుతో, ఒక సాయెబు కంటితో, ఒక పెద్దాయన భయంతో తెచ్చుకున్నాం. ఆడిట్‌లో "సరఫరాదారు ఎవరు?" అన్న గడి వచ్చినప్పుడు "స్థానికులు" అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆంక్షలు సడలాక కంపెనీవాళ్లు కొత్త కార్డు పంపారు, మంచి పెట్టెలో, క్షమాపణ ఉత్తరంతో. దాన్ని స్టోర్సులో పెట్టాం. కొన్నేళ్లకు ఆడిట్‌వాళ్లు వచ్చి కదలిక లేని సరుకు అని రాశారు. నేను సంతకం పెట్టలేదు.

రిటైరయ్యే ముందు ఏడాది, ఒక మిట్టమధ్యాహ్నం ప్రొద్దుటూరు బట్టల బజారులో ఎవరో "కరెంటాయనా!" అని కేకేశారు. తిరిగి చూస్తే పెద్దాయన. జీపు లేదు, వెంట మనుషులు లేరు, నెత్తిన తువ్వాలైనా లేదు. రెండు ఊళ్లూ రాజీ అయ్యాయని నేనూ విన్నాను. నల్లగా కమిలిపోయాడు, పొలమున్న మనిషి రంగుకు వచ్చాడు.

"ఎండ శానా ఉండాది సార్" అన్నాడు, కొత్తగా కొన్న ఎద్దుల జత గురించి చెప్పినట్టు.

మొదట ఎవరు తగ్గారని అడిగాను.

"నేనే. నువ్వన్న మాటే అన్నా, తప్పు నాదేనని. ఆ నా కొడుకులకు ఏం జవాబు చెప్పాల్నో తెలీక, కాఫీ తెప్పిచ్చినారు." చొక్కా చెయ్యి పైకి లాగి కడియం చూపించాడు. స్టిక్కర్ జిడ్డుపట్టి, ఒక మూల లేచి ఉంది. "దీని కాపీలు మీకాడ ఉండాయి గదా?"

"నాలుగు చోట్ల పెట్టినామప్పా, బీరువాలో తప్ప."

"అయితే ఇంగ దీనికి భయమేంది" అని, ఆయన ఆ నల్ల స్టిక్కర్‌ను బొటనవేలి గోటితో గీకి, బజారు నడిమధ్య పీకేశాడు. గాజు కిటికీ ఎండకు తళుక్కుమంది.

ఈసారి నేను ఆపాలనుకోలేదు.